నల్లటేపు వైద్యం

హలో… ఆ, నేనే బావా. గుంటలోనే ఉన్నా. పొద్దున నువ్వు నీళ్ల పైపు కోసం తవ్విన గుంటలోనే…

బుకాయించకు! నెట్ కేబుల్ తెంపిందీ నువ్వే, మెలేసి నల్లటేపు చుట్టిందీ నువ్వే. పసిపిల్లకి జడేసినంత ముద్దుగా చుట్టావు…

కొసలు ముట్టిస్తే చాలనుకున్నావా? ఇదేం కరెంటు తీగా! గాజు బావా, గాజు. వెంట్రుకంత సన్నం…

గాజులో ఏం పోతుందా? వెలుతురు… అవును, ఒట్టు! లోపల ఒక రకం గాజు, దాని చుట్టూ ఇంకో రకం గాజు. వెలుతురు అంచుకి తగిలి మళ్లీ లోపలికే మళ్లుతుంది. అక్కతో దెబ్బలాడి గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తావే, అచ్చం అలాగే…

రాగితీగే నయమంటావా? దూరం పోయేకొద్దీ దానికి ఆయాసం. పక్కన కరెంటు తీగుంటే గోల. దీనికి ఆ బాధ లేదు. కిలోమీటర్లు పోయినా అలుపు తక్కువ. ఒక్క పోగులో వీధంతా మాట్లాడుకోవచ్చు…

ఏ వీధా? మీదే! ఇంట్లో నెట్ పెట్టె మీద ఎర్రదీపం ఎందుకు వెలుగుతోందనుకున్నావు?… అరుస్తోందా అక్క? అరవదూ మరి! ఏడేళ్లకి ఉద్యోగానికి పిలుపొచ్చింది. మూడింటికి కంప్యూటర్లో ఇంటర్వ్యూ, మూడూ ఐదయింది…

మూడూ పది దాకా చూస్తామన్నారా? అయితే నోరు మూసుకో. కొసలు నున్నగా కోశా. ఎదురెదురుగా పెట్టా. ఇక మిషన్ మెరుపుతో కరిగించి అతికిస్తుంది. దుమ్ము రవ్వ పడిందా, మళ్లీ మొదటికే…

…

అతికింది! దీపం చూడు… పచ్చగా ఉందా? అమ్మయ్య!… ఇంటర్వ్యూవాళ్లు కనబడ్డారా? ఏమంటున్నారు?…

ఆలస్యం ఎందుకని నిలదీస్తున్నారా? అక్కేమంది?… ‘ఎవడో బుద్ధిలేనివాడు తెంపాడండీ’ అందా! నమ్మట్లేదా?… మరి నువ్వెందుకున్నావు? వెళ్లి చెప్పు… బనీనుతోనే వెళ్లు! ఉద్యోగం కన్నా నీ పరువెక్కువా?… ఫోను పట్టుకునే వెళ్లు, వింటా…

‘ఆ బుద్ధిలేనివాణ్ణి నేనేనండీ’… శభాష్!… ఎవరా నవ్వేది, వాళ్లేనా?… మొదటి ప్రశ్న అడిగేశారా! గట్టెక్కాం బావా!…

అక్క కూడా నవ్వుతోందా?… లేదా… నీకేసే చూస్తోందా?… బావా?… హలో?…

అక్కే ఫోను పెట్టేసింది.