గోడ మీద మూడో పేరు

ప్రమాణ స్వీకారానికి ఇంకో గంట ఉంది. కొత్తగా గెలిచిన సర్పంచ్ అద్దం ముందు నిలబడి కుచ్చిళ్లు సర్దుకుంటోంది. గడపలో కూర్చున్న అత్త ఆమెనే మురిపెంగా చూస్తోంది.

"అత్తమ్మా, కొత్తగ కుట్టించుకున్న తెల్లంగి కనబడుతలేదని నీ కొడుకు ఇల్లు పీకి పందిరేస్తుండు. నువ్వేమన్న చూసినవా?"

"చూసుడేంది? నేనే సబ్బు నీళ్లల్ల నానబెట్టిన. తెల్లంగి లేంది వాడు బయటికెళ్లడు."

"అయ్యో! 'కుర్చీల నేను కూసుంట, నువ్వు సంతకం పెడితే సాలు' అన్నడు గదా!"

"గందుకే నానబెట్టిన. మీ మామ సుత గట్లనే అన్నడు."

"ఎప్పుడు?"

"నేను సర్పంచ్ అయినప్పుడు. ఐదేండ్లు రిజిస్టర్ గీ వంటింట్లకే వచ్చేది. పిండి చెయ్యి కడుక్కొని ఏలిముద్ర ఏసేదాన్ని. పంచాయతి గడప ఒక్కనాడు తొక్కలే."

కోడలు కుచ్చిళ్లు దోపుకొని అత్త వైపు తిరిగింది.

"అయితే పంచాయతి గోడ మీద నీ పేరు సుత చూడలేదా? పాత సర్పంచుల పేర్లు వరుసగ రాసిన్రు. మూడోది నీదే."

"నా పేరా? మీ మామది గాదా?"

"నీదే అత్తమ్మా. రేషన్ కార్డు పనికి పోయినప్పుడు నా కండ్లతోని చదివిన. లే, పోదాం పా."

"ఆగు బిడ్డా, పట్టుచీర కట్టుకొస్త! నాకు సదువు రాదు గని, యాడుందో సూపెడితే చేత్తోని తడిమి సూస్త."

"మరి నీ కొడుకు?"

"పొయ్యి మీద పప్పు మాడకుంట సూసుకొమ్మను. వాని సంతకం అవసరం పడితే రిజిస్టర్ వంటింట్లకే పంపిద్దాం."