ఏసుమణి తీసిన నచ్చత్రం ఫోటో

ఏం పాపా, సెల్లు అంత దగ్గర పెడ్తాండావు, ఆ క్రిస్మస్ చెట్టు గాజుబుడ్డకు ముద్దు పెడ్తావా ఏంది? ఓహో, దగ్గరగా తీస్తే బాగుంటాదా. బాగుంటాది లే. ఆ గోడ మీద ఫ్రేము సూడు. మన చర్చి నచ్చత్రమే అది. రంగుకాగితం మీద మైదాగంజి మరక గూడా అగుపడ్తాది. నా జతగాడు ఏసుమణి తీసింది. వాడు పోయినాక రీలు కడిగిస్తే వచ్చింది. నిచ్చెన మీద కాలుజారి పడినాడని ఊరంతా అంటారు. జారల్యా పాపా. ఇంతవరకు ఎవురికీ చెప్పల్యా నేను. ఇట్ల కూర్చో.

వానికి కోయిలకుంట్లలో స్టూడియో ఉండె. సుట్టుపక్కల పెండ్లిండ్లకంతా వాడే. క్రిస్మస్‌కు మన చర్చిలో ఊరికే తీసిచ్చేటోడు. ఒగ ఏడాది ఏమాయెనో, మనుషుల్ని తీసేదే ఇడిసిపెట్టినాడు. పశువులపాక మీద మంచు అని మన చేలో పత్తి పరుస్తామే, ఆ పత్తికి ముక్కు ఆనించి తీస్తాడు. నచ్చత్రం బద్దలకు కట్టిన దారం ముడి తీస్తాడు. పాస్టరమ్మ జీవమ్మ గారు శానా మెతక మనిషి, ఆయమ్మకే కోపమొచ్చె. "ఏమప్పా ఏసుమణీ, పాటలు పాడే పిల్లోళ్లను తీయమంటే పత్తిగింజను తీసుకొస్తివే" అనె. అందురం పడీపడీ నగితిమి. నేనూ నగినా, సిగ్గులేనోన్ని.

ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకొని చర్చి వెనక్కు తీస్కపోయినాడు. "గాబ్రియేలూ, జానెడు దాటితే నాకంతా పొగేరా. మొగాలు తెలీవు. పెండ్లిండ్లు ముందర ఉండాయి, తెలిస్తే నన్ను ఎవురు పిలుస్తారు? బైబుల్ మీద చెయ్యి పెట్టు" అనె. పెట్టినా.

మర్నాడే సంఘపెద్దలు వాన్ని పట్టుకొనిరి. ఆ యేడు గోపురం మీద ఆరడుగుల నచ్చత్రం కట్టింటిమి. "క్యాలెండరుకు ఏస్తామప్పా, ఎక్కి తియ్యి, నీకు దగ్గరే కదా ఇష్టం" అనిరి. వాడు నా దిక్కు తిరిగినాడు. నా దిక్కు అనుకొని తిరిగినాడులే, పక్కనోని మొగం సూసినాడు. చెప్తే వాని కడుపు కొట్టినట్ల. చెప్పకపోతేనో, దేవుడా, అనుకొన్యా.

నిచ్చెన నేనే పట్టుకొన్యా. అది పాత వెదురు నిచ్చెన, పైన ఒగ మెట్టు ఇరిగిపోయింది. ఎక్కేటప్పుడు కష్టంల్యా, చేత్తో తడుముకుంటా దాన్ని దాటుకొని పోయె. నచ్చత్రానికి మొగం ఆనించి టిక్కుటిక్కుమని తీసె. కింద అందురూ చప్పట్లు కొడ్తాండారు, నేను ప్రభువా, ప్రభువా అనుకుంటాండా. దిగేటప్పుడు తడిమేది కాలే కదా. సరిగ్గా ఆ ఇరిగిన మెట్టు కాడ కాలు గాల్లో పెట్టి, అట్లనే నిలబడె.

"గాబ్రీ, ఈడ మెట్టుందా?"

లేదప్పా, కాలు ఇంగా కిందికి సాపు అంటే సాలు. కండ్లు బాగుండేవానికైనా చెప్తారు ఆ మాట. అది నాకు ఈ పొద్దు తెలుస్తాంది. ఆ పొద్దు నోరు తెరిస్తే గుట్టంతా బయటపడ్తాదని భయం. నిచ్చెననే ఇంగా గట్టిగా పట్టుకొన్యా. అందురూ నన్నే సూస్తాండారు అనిపించె. ఎవురూ సూడల్యా పాపా, వాళ్లంతా నచ్చత్రాన్ని సూస్తాండారు.

మళ్లా అడిగినాడు. "గాబ్రీ, ఉండావా?" అని.

ఉండా. నిచ్చెన పట్టుకొని ఆడనే ఉండా.