గడప ఎత్తినాకే గోడ

దగ్గరికి జరగండి, అరసికెరె ఓబక్క బెంగళూరులో మేస్త్రీకి ఎదురు నిలిచిన సంగతి చెబుతాను. వానల్లేక చెనక్కాయ ఎండిపోయిన ఏడు అది. అక్కడి పాతపేట వీధుల్లో ఇళ్లు పడగొట్టి పెద్ద అంగళ్లు కట్టే పనికి మన ఊరి ఆడవాళ్లను కూలికి తీసుకుపోయింది ఆమే.

"ఇంటి ముందర కూచున్నారేంది ఓబక్కా? గోడ మీద గడ్డపార పడల్ల!"

"పసుపు కుంకుమ పెట్టి, గడప ఎత్తి పక్కన పెట్టినాకనే మేము ఇల్లు పీకేదిప్పా."

"ఇంటోళ్లే ఇడిచిపెట్టి పోయినారు. నీదా గడప?"

"ఎవురిదైతే ఏమి? ఏ కోడలు మొక్కి లోపలికొచ్చిందో."

"ఇట్లయితే బస్సెక్కి ఊరికి పోండి. వేరే కూలోళ్లను పిలుస్తా."

"పిలుచుకో. కూడు లేక వచ్చినాము, మర్యాద లేక కాదు."

"ఏమ్మా, మీరన్నా లేస్తారా?"

ఒక్కతీ లేవలేదు. ఓబక్క తల వంచలేదు.

"నీ మొండితనానికో దండం! ఏ పక్క పట్టుకోవల్ల?"

"ఆ పక్క. చెప్పులు ఇడిచి పట్టుకోప్పా."

ఆనాటి నుంచి ఆ వీధిలో గడప ఎత్తకుండా ఏ ఇంటి మీదా గడ్డపార పడలేదు. అంగళ్లు ఎవరు కట్టించారో లోకమే చెప్పుకుంటుంది. ఓబక్క మాట మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి, మీ పిల్లలకు చెప్పాలి.