కొబ్బరినీళ్లు తాగిన కంప్యూటర్

దసరా మరునాడు, బమ్రోలిలోని ఒక చీరల కార్ఖానా. కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి చీరల డిజైన్లున్న కంప్యూటర్ మూత విప్పింది. పులిసిన కొబ్బరినీళ్ల వాసన గుప్పుమంది.

"దీనికి గూడ కొబ్బరికాయ కొట్టిండ్రా కాకా?" అని మేస్త్రిని అడిగింది.

"మగ్గాలకు కొట్టి దీన్ని ఇడిచిపెడ్తమా బిడ్డా? ఉగాదికి తీసిన డిజైన్ల నకలు ఉంది. అది ఎక్కిస్తే నడవదా?"

"దీని మీదనే ఎక్కిస్తే ఉగాది తర్వాత గీసిన డిజైన్లన్నీ పోతయ్. పెండ్లి చీరలు ఏం జూసి నేస్తరు? ముందుగాల చెడిపోయినదాన్ని ఉన్నదున్నట్టు వేరే డిస్కులకు దించాలె. అండ్లకెల్లి కొత్తయి ఏరుకోవాలె. అసలుదాన్ని ఎవ్వరూ ముట్టొద్దు."

మేస్త్రి మెడ గోక్కున్నాడు.

"పొద్దుగాల ఇది మొరాయిస్తుంటె ఆ నకలు పెట్టిన. తెర మీద ఏందో అడిగింది. అవునని నొక్కిన."

"ఏమడిగింది?"

"ఇంగ్లీషుల అడిగింది. సేఠ్ పక్కనే ఉండె. సదవరాదని ఎట్ల జెప్పాలె?"

ఆమె అంతా తుడిచి తెర వెలిగించింది. ఆఖరి డిజైన్ ఉగాది ముందటిదే; తర్వాతివన్నీ చెరిగిపోయాయి.

"థూ! నీ ఒక్కని సిగ్గుకు ఆర్నెల్ల పని బుగ్గి జేసినవ్ గద కాకా! ఇప్పుడు సేఠ్‌కు ఏం జెప్తవ్?"

"నువ్వే ఇంగ్లీషుల ఏదన్న జెప్పు బిడ్డా. ఆయనకూ రాదు. తెలిసినట్టే తలూపుతడు."