సమాధానం తాగిన కషాయం

“ఆ ఫ్లాస్కు సంచిలోంచి తీసెయ్.”

“ఎందుకు? హెన్రీకి వేడివేడిగా తాపిద్దామని పోసినా.”

“ఆస్పత్రిలో పడుకోనుండే మనిషికి కషాయం ఏందయ్యా?”

“పడుకోనుంటేనే గదా మందు కావాల్సింది. తిరుగుతా ఉండేవాడికి ఎందుకు?”

నవోమి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె భర్త పేరు సమాధానం, కృష్ణపట్నం రేవులో క్రేను నడుపుతాడు. నాలుగు నెలల కిందట కంపెనీ పరీక్షల్లో అతనికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరమ్మ రోజుకొక బిళ్ళ రాసింది. చచ్చినా ఇంగ్లీషు బిళ్ళ నోట్లో వేసుకోనని అతను కంపెనీ బస్సులో అందరి ముందూ శపథం చేశాడు. గుండెకు మంచిదని గూడూరు నుంచి తెల్లమద్ది చెక్క తెప్పించి, మెంతులూ వెల్లుల్లీ కలిపి కషాయం కాయించుకున్నాడు. చేపల వేపుడు మానాడు. పొద్దున్నే నడిచాడు. మూడు నెలలకు కొవ్వు సగానికి దిగింది.

అప్పట్నుంచి మనిషిని పట్టడం కష్టమైంది. ఆరాధన ముగియగానే చర్చి మెట్ల మీద నిలబడి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచినంత భక్తిగా చెక్కముక్కలు పంచేవాడు. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే హెన్రీ, నవోమికి సొంత తమ్ముడు, బావ మాటలు విని తన కొలెస్ట్రాల్ బిళ్ళలు పక్కన పడేశాడు. మొన్న మార్కెట్‌లో గుండె పట్టుకుని నిమ్మకాయల బస్తాల మీద కూలబడ్డాడు. నెల్లూరులో స్టెంట్ వేశారు. ప్రాణానికి భయం లేదని ఈ పొద్దున అతని భార్య రెజీనా ఫోన్లో చెప్పి, ఆపైన చాలాసేపు ఏడ్చింది.

“బిళ్ళలు ఎందుకు మానేసినావని డాక్టరు అడిగినాడంట. మా బావ చెప్పినాడు అన్నాడంట వాడు.”

“నేను మానమన్లేదే. కషాయం తాగమన్నా.”

“చర్చిలో మైకు పట్టుకోని, బిళ్ళ ముట్టకుండా తగ్గించుకున్నా అనింది ఎవురు?”

“అది సాక్ష్యం. ప్రభువు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవడం.”

“సాక్ష్యమా?”

“సాక్ష్యమే. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎవురైనా కొంచెం...”

“కొంచెం?”

“బస్సుకు టైమయింది. జరుగు.”

నవోమి జరగలేదు. ఇన్ని నెలలుగా ఆమె ఒక మాట దాచింది. ఇన్నాళ్ళూ అతని సంబరం చూసి లోలోపల నవ్వుకుంది, నవ్వుకుని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తమ్ముణ్ణి మంచాన పడేసిందని ఇప్పుడు ఆమెకు అనిపిస్తోంది.

“నీకొక మాట చెప్పాల. కూచో.”

“నిలబడే వింటాలే.”

“నీ కొవ్వు తగ్గింది కషాయంతో కాదు.”

“నడక గూడా ఉంది గదా. వేపుళ్ళు గూడా మానినా.”

“అవి కొంత. మిగతాది బిళ్ళ.”

“ఏ బిళ్ళ?”

“డాక్టరమ్మ రాసిన బిళ్ళ. రోజూ నూరి నీ కషాయంలో కలిపినా. అట్టా కలపొచ్చా అని ఆమెను అడిగే కలిపినా. నీకు చెప్పకపోవడం తప్పే, తిట్టాలంటే తిట్టు. ఆ ఫ్లాస్కు మాత్రం మా తమ్ముడి ముందర పెట్టొద్దు. నాకు తగ్గింది బిళ్ళతోనే అని నీ నోటితో వాడికి చెప్పు.”

అరుస్తాడనుకుంది. అతను అరవలేదు. సంచిలోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని దాని మూత తిప్పసాగాడు.

“గ్లాసు అడుగున తెల్లగా మిగిలేది గదా,” అన్నాడు.

“ఏంది?”

“మొదటి వారమే చూసినా.”

“చూసి?”

“తాగినా. బిళ్ళ ముట్టనని బస్సు నిండా చెప్పుకున్నోణ్ణి. నువ్వు కలిపి ఇస్తే నేను ముట్టినట్టు కాదు గదా.”

నవోమి ఫ్లాస్కు లాక్కుంది. ఇన్నాళ్ళూ తాను మోసం చేస్తున్నానని మోకరించి ప్రభువును క్షమాపణ అడిగింది ఈ మనిషి కోసమా?

“తెలిసే తాగినావా? తెలిసే మైకులో చెప్పినావా?”

“ఊఁ.”

“మరి హెన్రీ బిళ్ళలు మానేస్తా ఉంటే, చూస్తా ఎట్టా ఊరుకున్నావయ్యా?”

సమాధానం తల దించుకున్నాడు.

“రెజీనా గూడా నూరి పోస్తా ఉందనుకున్నా.”