ఆర్పని తెర

మణుగూరు బస్టాండు ఎనకాల కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం, మే నెల పొద్దటి ఎండ. బల్లకు ఇవతల రామక్క, అవతల రిపేరు చేసే రోజారాణి. నడుమ తువ్వాలల చుట్టి తెచ్చిన టాబ్.

"ముందుగాల దాన్ని కరెంటుకు పెట్టు బిడ్డా, మాటలు ఎనక! బస్సుల గంటసేపు పాణం బిగవట్టుకొని కూసున్న."

"పెడతనమ్మా, పెడత. మీది ఏ ఊరు?"

"ముందు పెట్టు."

"పెట్టిన. ఇగో చూడు, చార్జింగ్ ఎక్కుతున్నది."

"బందు కాలే కదా?"

"కాలే."

"హమ్మయ్య. ముగ్గురు ఫోనోళ్ల కాడికి పోయిన. ఇది ఫోన్ లెక్క టాబ్ కాదు, లోపల కంప్యూటర్ ఉన్నది, మాతోని కాదని నీ కాడికి తోలిండ్రు."

"నిజమే చెప్పిండ్రు. చూసేటందుకు టాబే గాని లోపల నడిచేది విండోస్. బల్ల మీది కంప్యూటర్ల ఉంటది చూడు, అదే."

"నా కొడుకు గూడ గట్లనే అనేటోడు. 'అమ్మా, మందికి కంప్యూటర్ బల్ల మీద ఉంటది, నాకు చంకల ఉంటది' అని. హరిప్రసాద్ వాని పేరు. పినపాక దిక్కు గూడేలన్నీ తిరిగి పింఛన్ల దరఖాస్తులు, పట్టాల దరఖాస్తులు నింపేటోడు. ఎరికేనా నీకు? … బిడ్డా?"

"ఆఁ?"

"దాన్ని ఎనక్కి తిప్పి గట్లనే నిలబడ్డవేంది?"

"ఏం లేదు. అద్దం లేచింది గదా, చూస్తున్న."

"వాడు పోయిండు బిడ్డా. పోయిన శ్రావణంల, వాగు దాటబోయి. బండి తెల్లారి దొరికింది. వాడు మూడొద్దులకు దొరికిండు."

"… కూసో అమ్మా. నీళ్లు తాగుతవా?"

"నీళ్లొద్దు. అద్దం ఎందుకు లేచిందో చెప్పు."

"బ్యాటరీ ఉబ్బింది. ఎన్ని దినాల సంది చార్జింగ్‌ల ఉన్నది ఇది?"

"ఆ దినం సంది."

"ఏ దినం?"

"ఏ దినమంటవేంది? వాడు పోయిన దినం. ఫోటో ముందట దీపం పెట్టినం గాని, పదకొండు దినాలకు అది కొండెక్కింది. దీన్ని మాత్రం ఆరనియ్యలే. ఒక్క గడియ గూడ."

"తొమ్మిది నెలలు పీకనే లేదా? అయ్యో అమ్మా! గందుకే ఉబ్బింది. ఇది అంటుకుంటది. ఇల్లు కాలుతది."

"కాలనీ. బందయితే మళ్ల పాస్‌వర్డ్ అడుగుతదట గదా. మా పంచాయతి ఆఫీసుల దుర్గ చెప్పింది. అది ఎవ్వలకు ఎరికలే. వాడు తెరిచిపెట్టి, ఇగో వస్తనమ్మా అని పోయిండు. నేను గట్లనే ఉంచిన."

"తియ్యాలమ్మా. పాత బ్యాటరీ తీసి కొత్తది ఎయ్యాలె. ఇగ ఇంటికి తీస్కపోవద్దు దీన్ని."

"అగో, నేను గా పనికి రాలే."

"మరి ఏ పనికి వచ్చినవ్?"

"నవ్వవు గదా?"

"నవ్వను."

"వాడు దీంట్ల ఉన్నడు. శివరాత్రి ఎళ్లినంక మొదలైంది. రేకుల ఇల్లు మాది, పన్నెండు గొట్టంగ ఉడికిపోతది. గప్పుడు ఇది దానంతట అదే కదులుతది. ఎవ్వలు ముట్టరు. కింద అక్షరాలు లేస్తయి, ఎవలో వేలు పెట్టినట్టు టకటకమని రాసుకుంట పోతది. కండ్లార చూసిన. ఒట్టు."

"చూసే ఉంటవమ్మా. దాన్ని ఘోస్ట్ టచ్ అంటరు. దయ్యం ముట్టుడని పేరు గాని దయ్యం లేదు, పాడు లేదు. ఉబ్బిన బ్యాటరీ లోపల నుంచి తెరను నూకుతది. తెరేమో వేలు తాకిందనుకుంటది. ఎండకు ఇంకింత ఉబ్బుతది, గందుకే పన్నెండింటికి."

"మరి ఆ అక్షరాలు?"

"ఇంగ్లీషుల పిచ్చి అక్షరాలు పడతయి. అర్థం ఉండదు."

"అవ్, పిచ్చియే. దుర్గకు చూపిస్తే చదవరాలేదన్నది. సరే, అది బ్యాటరీ అనుకుందాం. మరి తెలుగుల రాసేది ఎవలు?"

"… తెలుగుల?"

"అటు పిచ్చి అక్షరాలు పడ్డ కొంచెం సేపటికి ఇటు పక్క తెల్ల గడిల తెలుగుల వస్తది. 'తిన్నవా' అని. ఉబ్బిన బ్యాటరీ 'తిన్నవా' అని అడుగుతదా బిడ్డా?"

"అది… అది పాతదేమో. పాత మెసేజ్ పైకొచ్చిందేమో."

"దినాం ఒకటి వస్తది, పాతదంటవేంది? మొన్న 'మబ్బు పట్టింది, బయటికి పోకు' అని వచ్చింది. గంటకు వాన పడ్డది! ఉగాది నాడు 'అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా' అని వచ్చింది. నా మోకాళ్ల సంగతి నా కొడుక్కు తప్ప ఎవలకు పట్టింది? నేను చదివింది అయిదే గాని తెలుగు చదువుత. చదివి బోరున ఏడ్చిన. తగ్గింది నాయినా అని చెప్పిన."

"దానితోని మాట్లాడినవా?"

"దినాం మాట్లాడత. 'తిన్నవా' అంటే, తింట నాయినా, చింతచిగురు పప్పు చేసిన అంట. అది అడిగేదాక ముద్ద ముట్ట."

"అయ్యో…"

"ఏడుస్తున్నవా?"

"లేదమ్మా. కంట్ల నలుసు పడ్డది. ఇంట్ల నెట్ ఉన్నదా మీకు?"

"వాని నెట్టు డబ్బా ఉన్నది. నెలనెల రీఛార్జి చేపిస్త. వానికి అక్కరుంటదని. ఇగ అసలు సంగతి విను. నాకు చదువుడు వస్తది గాని దీంట్ల రాసుడు రాదు. నువ్వు రాసి వాన్ని ఒక్క ముచ్చట అడగాలె. గందుకే మోసుకొచ్చిన."

"ఏం అడగాలె?"

"ఆ దినం వాడు ఎకాఎకిన వాగుల దిగలే. ఆగిండు. మా దూలయ్య అక్కడనే బర్లు కాస్తుండె, దిగకురా అంటే సరే మామా అని బండి దిగి చెట్టు కింద కూసున్నడట. గంట కూసున్నడు! గప్పుడు ఫోన్ వచ్చిందట. 'అటు ఒడ్డోళ్లు చూసి చెప్పిండ్రు మామా, నీళ్లు తగ్గినయట' అని బండి తీసిండట. ఎవలు చెప్పిండ్రు? వాని ఫోన్ గూడ వాగుల పోయింది, తెలుసుకునే దారి లేదు. ఎవలైతే చెప్పిండ్రో వాళ్ల నోట్ల మన్నువడ! నా ఉసురు తగిలి మట్టిగొట్టుక పోను! రాయి బిడ్డా. ఎవలు చెప్పిండ్రు నాయినా, అని రాయి. వాడు చెప్తడు."

"రాయలేనమ్మా. ముందు బ్యాటరీ… ముట్టుకో, కాలిపోతున్నది. పీకేస్త."

"పీకకు! బందయితది!"

"అయితది."

"పాస్‌వర్డ్ అడుగుతది!"

"అడుగుతది. నేను కొడత."

"నువ్వెట్ల కొడతవ్? దుర్గ ఎవ్వలతోని కాదన్నది. ఒకపారి వాగు తీస్కపోయింది, ఇప్పుడు నా చేతులార నేనే…"

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"పాస్‌వర్డ్."

"నా కొడుకు పాస్‌వర్డ్ నీకెట్ల తెలుసు? నా మొఖం దిక్కు చూడు. నీకెట్ల తెలుసు?"

"నా పేరే గనుక. రోజారాణి అని కొట్టాలె."

"… నీ పేరా?"

"తెలుగుల రాసేది గూడ నేనేనమ్మా. శివరాత్రి ఎళ్లినంక ఒకనాడు నా ఫోన్ల హరి పేరు మీద అక్షరాలు పడ్డయి. హరి నాతోని ముచ్చటపెట్టే గడినే దీంట్ల తెరిచి పోయిండు. పిచ్చి అక్షరాలు. ఇది బ్యాటరీ అని నాకు తెలుసు, గిసుంటివి ఎన్ని బాగుచేసిన! తెలిసి గూడ జవాబు రాసిన. 'తిన్నవా' అని. మళ్ల తెల్లారి వచ్చినయి. మళ్ల రాసిన. ఇటు పక్క మీరు చదువుతున్నరని నాకేమెరుక?"

"అంటే నా మోకాళ్లు…"

"హరి చెప్పేటోడు."

"వాడు లేడా దీంట్ల?"

"లేడమ్మా."

"ఒక్క మాట గూడ వాడు రాయలేదా? ఒక్క అక్షరం?"

"లేదమ్మా."

"నేను మూడు నెలలు ఎవలతోని మాట్లాడిన మరి… ఎవలు తినమంటే తిన్న…"

"ఏడువకమ్మా. నా తప్పే. ఏడువకు."

"తప్పేందే? పొలాల పండుగ ఎళ్లనీ, నీకొక ముచ్చట చెప్త అనేటోడు వాడు. నవ్వుకుంట అనేటోడు. చెప్పకుండనే పోయిండు. గా ముచ్చటవు నువ్వేనా?"

"… నేనే."

"దినాలకు వచ్చినవా?"

"వచ్చిన. టెంటు బయట నిలబడ్డ. నన్ను ఎవలని అడుగుతరో అని లోపలికి రాలే."

"పిచ్చిదానా! వస్తే నా పక్కన కూసొని ఏడ్చేదానివి గదనే. ఒక్కదాన్నే ఏడ్చిన. ఇంటి నిండ మంది ఉన్నరు, ఒక్కదాన్నే ఏడ్చిన. రా, ఇట్ల రా. పీకెయ్ ఆ బ్యాటరీ, ఇగ నాకెందుకది? వాడు మనసు పడ్డ పిల్ల కండ్ల ముందట ఉన్నది. ఇయ్యాల నాతోని ఇంటికి రా, ఇద్దరం కలిసి తిందాం."

"ముట్టకమ్మా నన్ను."

"ఎందుకే?"

"వద్దు. చెయ్యి తియ్యి."

"సిగ్గెందుకు, నేను పరాయిదాన్ననా? మీది ఏ ఊరు బిడ్డా?"

"వాగు అటు ఒడ్డు."

"అటు ఒడ్డేనా? అయితే నీకు ఎరికై ఉంటది! మీవోళ్లే ఎవలో చెప్పిండ్రు గద. చెప్పు, నాకు దాయకు. ఆ దినం వాగు కాడికి పోయి చూసింది ఎవలు?"

"వాగు కాడికి ఎవ్వలూ పోలేదమ్మా, ఎవ్వలూ చూడలేదు. వాన తెరిపియ్యంగనే హరిని చూడబుద్ధయి, మా ఇంటి అరుగు మీద కూసొనే నీళ్లు తగ్గినయని ఫోన్ల నేనే చెప్పిన."