కాలువలో పూడిక

కొండల మీద మంచు కరిగింది. మా ఊరి పొలాలకి నీళ్ళు వంతులేసి పంచే పెద్దాయన, పార పట్టుకుని కాలువ గట్టు మీద ఒంటరిగా నిలబడ్డాడు. విదేశీ సలహాదారు దగ్గర దుబాసీగా చేసే మేనల్లుడు జీపు దిగి వచ్చాడు.

"మామా, దొర ఎల్లుండి వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడు. నీకు సలాం చెప్పమన్నాడు."

"చెప్పావుగా. పొద్దున మసీదు ముందు నిలబడి పూడిక తీద్దాం రమ్మని కేకేశాను. ఇంటికొక మనిషి రావాలి. ఒక్కడూ రాలేదు."

"ఏం?"

"కూలి ఎంతన్నారు. ముందడిగింది మీ నాన్నే! మన కాలువకి మనకి కూలేమిట్రా? గొర్రెని కోసి పలావు వండుకుని, డోలు కొట్టుకుంటూ తీసేవాళ్ళం. మీ దొర వచ్చి నిరుడు పూడిక తీసినోళ్ళకి డబ్బులు పంచాడు."

"పేదోళ్ళకి మేలని ఇచ్చాడు మామా."

"వద్దని చెప్పమన్నానుగా?"

"చెప్పాను. ఊరంతా సంతోషంగా ఉందిగా అని నవ్వాడు."

"ఈ వారం నీళ్ళు పారకపోతే గోధుమ మాడిపోతుంది. ఆ సంతోషమే రొట్టెలు కాల్చుకు తినండి."

"ఇంకో దొర వస్తాడులే."

"అందాకా పైరు ఆగుతుందా? మీ పొలమూ దీని కిందే. దిగు, ఇద్దరం మొదలెడదాం. చూసి నలుగురొస్తారు."

"నేనా? దొర సామాను సర్దాలి మామా. మా ఇంటి వంతుకి మనిషిని పంపుతాలే. కూలి నేనిస్తా."

ముసలాయన పార భుజాన పెట్టుకున్నాడు. ఒక్కడే బురదలోకి దిగాడు.